నేరమునకు రెండు మూలములు: చేతయు, తలంపును



ఒక రైతు సంత ముగించుకొని బండి తోలుకొని యింటికి వచ్చుచున్నాడనుకొందము. ఊరి మొగదల బాలుడొకడు చక్రము క్రింద పడి ప్రాణము విడిచెను. క్షణములో జనము మూగును. 'వీడు పిల్లవానిని చంపినాడు, పట్టి కట్టివేయుడు' అని కొందఱు కేకలు వేయుదురు. 'విధి వ్రాత, ఎవరేమి చేయగలరు?' అని మఱికొందఱు నిట్టూర్చుదురు. ఈ రెండు తెగలవారును చక్రమునే చూచిరి, బాలునే చూచిరి. ఎద్దులు బెదరినవా, బండివాడు త్రాగి నిదురించుచుండెనా, ఆ పిల్లవాని తండ్రితో వానికి పాత పగ యేమైన గలదా అని యెవరును అడుగలేదు. తుదకు అందఱి కన్నులును పెద్దలవైపు తిరుగును. పెద్దలు పలుకు నొక్క మాటమీద ఒక కుటుంబము నిలుచుటయో కూలుటయో ఆధారపడి యుండును.

ఆ మాట పలుకుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలేవి? నేరమనగా నేమి? జరిగిన కీడు ఎప్పుడు నేరమగును, ఎప్పుడు కాదు? ఈ ప్రశ్నకు మానవజాతి యొక్కనాట సమాధానము కనుగొనలేదు. అనేక శతాబ్దములు తడవుకొని, తప్పులు చేసి, దిద్దుకొని నేర్చుకొన్నది. ఆ చరిత్రను క్లుప్తముగా మనవి చేయుటయే నా నేటి ప్రసంగము.

మొదట మానవుడు చేతను మాత్రమే చూచెను. కీడు జరిగినది, చేసినదెవరో తెలిసినది. అంతటితో విచారణ ముగిసెడిది. ఈ దృష్టి యెంత దూరము పోయెనో చూడుడు. ఫ్రాన్సు దేశమున ఫలేజ్ అను పట్టణమందు 1386వ సంవత్సరమున, పసిబిడ్డను చంపెనన్న కారణమున ఒక పందిని విచారించి, దానికి మరణశిక్ష అమలుపఱచిరి. ఇంగ్లండులో మఱియొక వింత ఆచారముండెను. బండి చక్రము తగిలి గాని, ఎద్దు కుమ్మి గాని మనుష్యుడు చచ్చినచో ఆ బండి, ఆ యెద్దు రాజునకు చెందవలెను. పేరునకు మాత్రమది దేవునికి సమర్పణము. మరణ విచారణకు కూర్చున్న జ్యూరీవారు ఆ వస్తువునకు వెల కట్టెడివారు. యజమాని ఆ సొమ్ము చెల్లించెడివాడు. 1841లో సానింగు అనుచోట రైలు ప్రమాదము జరిగినప్పుడు జ్యూరీవారు ఇంజనునకును, బండ్లకును వేయి పౌనులు వెల కట్టిరి. ఇనుప యంత్రమునకు పాపమేమి, పుణ్యమేమి? తుదకు 1846లో పార్లమెంటు ఆ యాచారమును రద్దుచేసెను. యంత్రమును శిక్షించుటకు మాఱుగా, ఇతరుల తప్పువలన మరణించినవాని కుటుంబమునకు నష్టపరిహారము కోరు హక్కునిచ్చు చట్టమును ఆ యేడే గావించిరి.

మన దేశమున బండివాని ప్రశ్న శాస్త్రములలోనికే వచ్చియున్నది. మనుధర్మశాస్త్రము ఎనిమిదవ అధ్యాయమున దానికి కొన్ని శ్లోకములు కలవు. ముకుతాడు తెగినను, కాడి విఱిగినను, బండి అడ్డముగా గాని వెనుకకు గాని మరలినను, ఇరుసో చక్రమో విఱిగినను, కట్లును పలుపులును పగ్గములును తెగినను, 'తొలగుడు' అని బండివాడు కేక వేసియుండినను దండనము లేదని దాని భావము. తోలువాని చేతగానితనమువలన బండి దారి తప్పి హింస జరిగినచో, అట్టివానిని పనిలో పెట్టిన యజమానికి రెండువందల పణముల దండుగ. తోలువాడు నేర్పుగలవాడైనచో దండుగ వానికే. ఇక్కడ శాస్త్రకారుడు చక్రము వెనుకనున్న మనుష్యుని చూచుచున్నాడు. వాని జాగ్రత్త యెంత, వాని లోపమెంత యని తూచుచున్నాడు. ఇది గొప్ప మెట్టు.

అయితే ఆ త్రాసులో ఒక దోషముండెను. ఒకే నేరమునకు జన్మమునుబట్టి శిక్ష మాఱుచుండెను. ఒక కులమువానికి ప్రాణమే పోవలసిన చోట మఱియొకనికి అంత శిక్ష లేకుండెను. ఈ సంగతి దాచిపెట్టి పూర్వులను పొగడుట న్యాయము కాదు. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమందు విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. వ్యవహార ధర్మములు సంస్కృతము రాని తెలుగువానికిని అందవలెనను కోరిక అంత ప్రాచీనమైనది.

పడమటి దేశములలో మనస్సు మాట మొదట మతగురువుల నోట వెలువడెను. ఉత్తరాఫ్రికాయందు హిప్పో నగరమున గురుపీఠము నధిష్ఠించి, 430లో మరణించిన అగస్టీను అను క్రైస్తవాచార్యుడు అబద్ధ ప్రమాణమును గూర్చి బోధించుచు, మనస్సు దోషి కానిచో నాలుక దోషి కాదను భావమును చెప్పెను. నిజమని నమ్మి పలికినవాడు పొరపడినవాడే గాని అబద్ధీకుడు కాడు. నాలుకనుగూర్చి చెప్పిన ఈ సూత్రము క్రమముగా చేతికిని వర్తించెను. 12వ శతాబ్ది మొదట సంకలితమైన ఇంగ్లీషు ధర్మసంగ్రహ మొకదానిలో ఈ భావము కానవచ్చును. 1644లో అచ్చుపడిన ఎడ్వర్డు కోకు గ్రంథమునందు ఇది నేరవిచారణ కంతటికిని మూలసూత్రముగ నిలిచెను. దాని తాత్పర్యమిది: మనస్సు దోషయుక్తము కానిచో చేత యొక్కటియే మనుష్యుని దోషిని చేయదు.

ఇచట మీలో నొకరు అడుగవచ్చును: 'అయ్యా, చేత కంటికి కనబడును, మనస్సు కనబడదు గదా! దానిని త్రాసులో నెట్లు పెట్టుదుము?' ఈ ప్రశ్ననే 8వ శతాబ్దిలో ఇమాం అబూ హనీఫా యెదుర్కొనెను. మనస్సునకు ఆయుధమే సాక్షి యని ఆయన పక్షము. కత్తివంటి వాడి ఆయుధముతో కొట్టినవాడు చంపదలచినట్లే. కఱ్ఱతో కొట్టినవాని విషయము వేఱు. ఈ పద్ధతి మొగలాయి కాలమునుండి వచ్చి కంపెనీవారి క్రిమినలు కోర్టులలో నిలిచెను. కాని పెద్ద దుడ్డుకఱ్ఱతో పగబట్టి తల పగులగొట్టిన వానిని, ఆయుధమునకు వాడి లేదని విడువవచ్చునా? 1790లో గవర్నరు జనరలు కారన్‌వాలీసు, బంగాళమున ఆయుధమునుబట్టి కాక చంపినవాని ఉద్దేశమునుబట్టి తీర్పు చెప్పవలెనని శాసించెను.

అంతమాత్రమున ఆయుధమునకు సాక్ష్యము చెప్పు పని తప్పిపోలేదు. నేటికిని న్యాయాధిపతులు ఏ ఆయుధము, ఎక్కడ గాయము, ఎన్ని దెబ్బలు, అంతకుముందు వైరమేమి, తరువాత ముద్దాయి ప్రవర్తన మెట్టిది యని చూచియే మనస్సును గ్రహింతురు. పంజాబునుండి వచ్చిన యొక బల్లెపుపోటు కేసులో 1958లో సుప్రీం కోర్టు ఈ సంగతిని విశదపఱచెను. పోటు ఒక్కటే, కాని ప్రేగులు వెలికి వచ్చినవి. ఆ గాయమును బుద్ధిపూర్వకముగా చేసెనా, సహజముగా ప్రాణము తీయుటకు ఆ గాయము చాలునా యని చూడవలెను గాని, 'నేను చంపదలచలేదు' అన్న మాట యొక్కటే రక్షింపదని తేల్చిరి.

ఈ సూత్రములన్నియు మన దేశమున నొక్క గ్రంథముగ కూర్పబడిన కథ యిది. 1834 జూనులో మెకాలే చెన్నపట్టణపు రేవున దిగెను. ఆయన ముఖ్యుడుగా ఏర్పడిన న్యాయ సంఘము 1837లో శిక్షాస్మృతి చిత్తుప్రతిని సమర్పించెను. అది యిరువదేండ్లకు పైగా అట్లే పడియుండెను. 1857 నాటి తిరుగుబాటు తరువాత, బార్నెస్ పీకాకు దానిని సవరింపగా 1860లో చట్టమై, 1862 జనవరి 1వ తేది నుండి అమలులోనికి వచ్చెను. అప్పటికి మెకాలే గతించియుండెను. నిజాము రాజ్యమునకు వేఱు శిక్షాస్మృతి యుండెడిది. 1951లో ఈ స్మృతియే అచ్చటికిని విస్తరించెను. 2024 జూలై 1వ తేదినుండి దీని స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. సెక్షనుల అంకెలు మాఱినవి, కొన్ని శిక్షలు మాఱినవి. నేను చెప్పుచున్న పునాదులు మాత్రము మాఱలేదు.

ఆ స్మృతిలో నొక చక్కని యుదాహరణము కలదు. ఒకడు గొడ్డలితో పని చేసికొనుచుండగా, గొడ్డలి తల ఊడిపోయి ప్రక్కనున్నవానికి తగిలి వాడు మరణించెను. పనివాడు తగిన జాగ్రత్త తీసికొనియుండినచో అది నేరము కాదు. ఆ గొడ్డలినే పట్టుకొని మనస్సు మెట్లను దిగి చూడుడు. పగతో తలమీద వేసెనా, అది ఉద్దేశము. చంపవలెనను కోరిక లేకున్నను, గుంపులోనికి విసరినచో ఎవడో చచ్చునని తెలిసియే విసరెనా, అది ఎఱుక. ప్రమాదము తోచియు 'ఏమియు కాదులే' యని తెగించెనా, అది దుడుకుతనము. పిడి వదులైనదని చూచుకొనక పని చేసెనా, అది అజాగ్రత్త. అన్ని జాగ్రత్తలు తీసికొన్నను జరిగెనా, అది దైవికము. గొడ్డలి యొక్కటే, శవ మొక్కటే. కాని మొదటి మెట్టున ఉరికంబమున్నది, చివరి మెట్టున విడుదల యున్నది. నడుమనున్న అజాగ్రత్త మరణములకు 1870లో ప్రత్యేక సెక్షను చేర్చి రెండేండ్లవరకు ఖైదు విధించిరి. నూతన సంహితలో సామాన్యముగా అది అయిదేండ్లవరకు పెరిగినది.

మనస్సే పక్వము కానివాని మాట యేమి? ఏడేండ్లు నిండని బిడ్డ చేసినదేదియు నేరము కాదు. మతి చలించినవాని విషయమున 1843లో ఇంగ్లండున గొప్ప వివాదము రేగెను. మెక్‌నాటన్ అనువాడు ప్రధానమంత్రి పీలును వెంటాడుచు, ఆయన కార్యదర్శి డ్రమ్మండును తుపాకితో కాల్చి చంపెను. పిచ్చివాడని జ్యూరీవారు శిక్ష తప్పించిరి, దేశము కోపించెను. అప్పుడు న్యాయాధిపతులు పిచ్చి పేరు చెప్పిన చాలదనియు, తాను చేయునదేమో గాని, అది తప్పనుట గాని తెలియనంతగా మతి చెడినవానికే ఆ రక్షణ యనియు స్పష్టపఱచిరి. మన స్మృతియు అట్టి నియమమునే గైకొనెను.

ఇంతవరకు మనస్సు లేని చేతను చూచితిమి. చేత లేని మనస్సు సంగతి యేమి? చెడు తలంపు పాపము కావచ్చును, కాని తలంపు మాత్రమునకు న్యాయస్థానము శిక్ష వేయదు. అది చేతిలోనికి దిగి, కార్యము వైపు నిజముగ సాగవలెను. 1966లో అనుమతి లేకుండ పంజాబునుండి ఢిల్లీకి వడ్లు తరలించుచున్నారని ఒక లారీని సమాల్ఖా వద్ద ఆపిరి. క్రింది కోర్టులు శిక్షించినవి. సుప్రీం కోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. సరిహద్దు ఇంకను దూరముననున్నది, వారు మనస్సు మార్చుకొని వెనుకకు మరలుట కవకాశమున్నది. కావున అది సన్నాహమే గాని నేరప్రయత్నము కాదనిరి. దొంగతనము చేయగోరి గుమ్మమువఱకు వచ్చి పశ్చాత్తాపముతో మరలిపోయినవానికి చట్టము తెఱచి యుంచిన ద్వారమిది.

చేతయు, తలంపును రెండును ఉండుట మాత్రము చాలదు. రెండును ఒక్క క్షణమున కలిసికొనవలెను. చెన్నపురి హైకోర్టు ఫుల్ బెంచి 1919లో తేల్చిన యొక కేసు దీనికి నిదర్శనము. ఒకడు భార్యను నాగటి కఱ్ఱుతో తలమీద కొట్టెను. ఆమె మూర్ఛిల్లెను. చచ్చినదని భ్రమించి, ఆత్మహత్యగ కనబడుటకై ఆమెను దూలమునకు ఉరి వేసెను. ఆమె దెబ్బవలన చావలేదు, ఉరివలననే చచ్చినది. కొట్టినప్పుడు చంపు తలంపు ఉన్నట్లు తేలలేదు. ఉరి వేసినప్పుడు వాని మనస్సులోనున్నది శవమే గాని ప్రాణి కాదు. కావున న్యాయాధిపతులు దీనిని హత్యయనక, తీవ్రమైన గాయము చేసిన నేరమునకు శిక్షించిరి. ఈ తీర్పు వినుటకు మనస్సొప్పదు. వాడు మంచివాడని ఆ న్యాయాధిపతులు అనలేదు. వాడు చేసిన నేరమేదో దానికే శిక్ష యుండవలెననిరి. కోపము వేఱు, న్యాయము వేఱు.

గుఱి తప్పిన తలంపు సంగతియు నట్టిదే. 1912లో అదే హైకోర్టునకు తెలుగువారి కేసొకటి వచ్చెను. ఒకడు ఇంకొకనిపేర జీవిత భీమా చేయించి, ఆ సొమ్మునకాశపడి విషము కలిపిన మిఠాయి వానికి పెట్టెను. వాడు కొంచెము తిని పాఱవేసెను, బ్రతికెను. పాఱవేసిన దానిని ఎనిమిది తొమ్మిదేండ్ల బాలిక తిని మరణించెను. ఆమె విషము పెట్టినవానికి బంధువే. 'నేను ఆ బిడ్డను చంపదలచితినా?' యని వాని వాదము. న్యాయాధిపతులలో భేదాభిప్రాయము కలిగి మూడవవారికి నివేదింపగా, తుదకు అది హత్యయే యని నిర్ణయమయ్యెను. చంపు తలంపును, చంపు చేతయు కలిసి బయలుదేఱినవి. అవి ఎవరిని తాకినను నేరము తగ్గదు.

ఇక మన పొలములకు వత్తము. అడవిపందుల బెడదకు తాళలేక కొందఱు రైతులు చేను చుట్టును తీగ కట్టి కరెంటు పెట్టుచున్నారు. రాత్రివేళ నీరు కట్టబోయిన పొరుగు రైతు ఆ తీగను తాకి చచ్చినచో, 'నేను పందికి పెట్టితిని, మనిషికి కాదు. నా చేనిలోనికి రమ్మని నేను పిలిచితినా?' యందురు. ఇట్టి వాదమునే బీహారునుండి వచ్చిన కేసులో 1963లో సుప్రీం కోర్టు త్రోసిపుచ్చెను. ఒకడు తన మఱుగుదొడ్డి దారిలో పరాయివారు రాకుండ కరెంటు తీగ పెట్టెను. పొరుగింటి స్త్రీ దానిని తాకి మరణించెను. ఆమె అనుమతి లేక వచ్చినమాట నిజమే. అయినను ప్రాణాంతకమైన ఉచ్చు పన్నుటకు యజమానికి హక్కు లేదని శిక్షను స్థిరపఱచిరి. ఉద్దేశము లేకపోవుట నిర్దోషిత్వము కాదు; క్రింది మెట్లు ఇంకను కలవు. మనుష్యులు తిరుగు దారియని ఎఱిగి పెట్టెనని తేలినచో నేరము అజాగ్రత్తనుండి పైమెట్టున కెక్కవచ్చును.

మనస్సును విచారింపక శిక్షించు చట్టములు కొన్ని లేకపోలేదు. కల్తీ ఆహారము అమ్మినవాడు 'నాకు తెలియద'న్నచో చెల్లదని 1954 నాటి చట్టమే చెప్పెను. అవి ప్రజారోగ్యము వంటి విషయములలో బుద్ధిపూర్వకముగ చేసికొన్న మినహాయింపులు. సామాన్య సూత్రము పైన చెప్పినదే. ఇంకొక కట్టు కూడ కలదు. చేసిననాడు ఏ చట్టమును నిషేధింపని పనికి తరువాత చట్టము చేసి శిక్షింపరాదని, 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 20వ అధికరణమున శాసించినది.

పెద్దలారా, ఈ చరిత్ర అంతయు కోర్టులవారికే యనుకొనవలదు. మన పల్లెలలో బిడ్డకు జ్వరము వచ్చినను, పాడిగేదె చచ్చినను, చేతబడి చేసెనని యొక దిక్కులేని ముసలమ్మను అనుమానించి కొట్టి చంపిన ఉదంతములు జరిగినవి. అక్కడ నిలిచి ఈ ప్రశ్నలు అడుగుడు. ఆమె చేసిన చేత యేది? ఆ చేతవలననే ఈ కీడు కలిగెననుటకు ఆధారమేది? రెండును శూన్యము. కఱ్ఱలెత్తిన వారిలోనో, చేతయు కలదు, తలంపును కలదు. ఆ గుంపులో నేరస్థులెవరో తెలియుట కింతకంటె వివరణ మక్కఱలేదు.

ఘోరమైన నేరములను రచ్చబండవద్ద తీర్చు అధికారము మనకు లేదు. వానిని పోలీసులకును, న్యాయస్థానమునకును అప్పగించుటయే ధర్మము. కాని పోలీసులు వచ్చుటకు ముందు గుంపును నిలుపువారు మీరు. సాక్ష్యము చెప్పువారు మీరు. ఫలానావాడు హంతకుడని ఊరు నమ్ముటయో, నమ్మకుండుటయో మీ మాటపై నుండును. అట్టివేళ మొదట చేసినదెవరని అడుగుడు. ఆ చేతవలననే కీడు కలిగెనా యని అడుగుడు. పిమ్మట, ఆ క్షణమున వాని మనస్సు ఏ మెట్టున నుండెనని అడుగుడు. చూచినది మాత్రమే చెప్పుడు. ఊహించినది చూచినట్లు చెప్పవలదు.

ఊరి మొగదల ఆగిన ఆ బండి ఇంకను మన యెదుట నున్నది. బాలుని తల్లి యేడ్చుచున్నది, బండివాడు గడగడ వణకుచున్నాడు. ఆ తల్లికి న్యాయము జరుగవలెను, వానికిని అన్యాయము జరుగరాదు. ముకుతాడు తెగినదా యని ముందు వంగి చూచువాడే పెద్దమనిషి.